స్టీవెన్సన్‌కి ఎదురుపడాల్సింది అలీ కాదు

2008 ఆగస్టు, బీజింగ్ ఒలింపిక్స్. మిడిల్‌వెయిట్ సెమీఫైనల్లో విజేందర్ సింగ్‌ని 8-5తో ఓడించిన మనిషి గుర్తున్నాడా? ఎమీలియో కొర్రెయా, క్యూబా. జన్మలో బాక్సింగ్ చూడనివాళ్ళు కూడా ఆరోజు టీవీల ముందు కూర్చున్నారు కాబట్టి పేరు కాకపోయినా మనిషి లీలగా గుర్తుండే ఉంటాడు. ఫైనల్లో ఇదే కొర్రెయా ఇంగ్లండ్ బాక్సర్ జేమ్స్ డిగేల్‌ని కొరికాడు. పంటితోనే. శిక్షగా రెండు పాయింట్లు పోయాయి. చివరి స్కోరు 16-14, స్వర్ణం డిగేల్‌ది.

ఆ తర్వాత డిగేల్ ప్రొఫెషనల్ అయ్యాడు. 2015లో ఐబీఎఫ్ (డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీఓల్లాగే ప్రొఫెషనల్ ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థ) సూపర్ మిడిల్‌వెయిట్ బెల్టు గెలిచి, ఒలింపిక్ స్వర్ణం, ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్ రెండూ ఉన్న తొలి బ్రిటన్ బాక్సర్‌గా నిలిచాడు. కొర్రెయా రజతంతో ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో అప్పటికే ఒక స్వర్ణం ఉంది. 1972 మ్యూనిక్‌లో వెల్టర్‌వెయిట్ గెలిచిన వాళ్ళ నాన్నది, ఆయన పేరూ ఎమీలియో కొర్రెయానే.

మరి ఒక్క కొరుకు తేడాతో డిగేల్ దగ్గర ఓడినవాడు బరి మారి ప్రొఫెషనల్ అయితే ప్రపంచ చాంపియన్ అయ్యేవాడా?

బాక్సింగ్ పిచ్చోళ్ళు యాభై ఏళ్ళుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. పేర్లు మారుతుంటాయి, వాదన మాత్రం అదే. 1962లో క్యూబా ప్రొఫెషనల్ క్రీడల్ని నిషేధించింది. ఆ తర్వాత 2024 పారిస్ దాకా ఒలింపిక్ బాక్సింగ్‌లో ఆ దేశం 42 స్వర్ణాలు గెలిచింది. ఈ లెక్కలో దాని ముందున్నది ఒక్క అమెరికాయే, జనాభాలో క్యూబా మన హైదరాబాద్‌కి కాస్త అటూ ఇటూ. అయినా క్యూబా ఆణిముత్యాల్లో చాలామంది డబ్బు కోసం ఒక్క పంచ్ కూడా విసరలేదు. అందుకే వాళ్ళ గురించి ఎంత పెద్ద మాటైనా అనొచ్చు, కాదని రుజువు చేసేవాళ్ళు ఉండరు.

ఈ వాదనలో అందరికన్నా ముందొచ్చే పేరు టియోఫిలో స్టీవెన్సన్. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, 1972, 1976, 1980 మూడు ఒలింపిక్స్‌లోనూ హెవీవెయిట్ స్వర్ణం. మహమ్మద్ అలీతో ఆడిస్తామని అమెరికా ప్రమోటర్లు పది లక్షల డాలర్ల పైమాటే చెప్పారు. ఎనభై లక్షల మంది క్యూబన్ల ప్రేమ ముందు ఆ డబ్బెంత అన్నట్టు ఆయన తిప్పి కొట్టాడు. అప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే. స్టీవెన్సన్, అలీ తలపడితే ఎవరు గెలుస్తారు?

నా ఉద్దేశంలో ఈ ప్రశ్న అడగడంలోనే తేడా ఉంది. ప్రొఫెషనల్‌గా నెగ్గడం అంటే ఒక రాత్రి ఒకణ్ణి కొట్టడం కాదు. అది ఏడెనిమిదేళ్ళ వ్యవసాయం. ఎవరితో ఎప్పుడు ఆడించాలో తెలిసిన మేనేజర్ కావాలి, టికెట్లు కొనే జనం కావాలి, మొదలుపెట్టే వయసు కుదరాలి. అప్పుడే ప్రతిభ పనికొస్తుంది. అమెచ్యూర్ బౌటులో, అంటే ఒలింపిక్స్ తరహా పోటీలో, గెలుపోటములు చూసి ప్రొఫెషనల్ భవిష్యత్తు చెప్పబోతే ఎంత నవ్వులపాలవుతామో స్టీవెన్సన్ కథలోనే ఉంది.

1972 మ్యూనిక్‌కి వెళ్ళేనాటికి అమెరికా ఆశలన్నీ డ్వేన్ బాబిక్ మీద. అంతకు ముందు సంవత్సరమే పాన్ అమెరికన్ గేమ్స్‌లో స్టీవెన్సన్‌ని ఓడించిన మనిషి. క్వార్టర్‌ఫైనల్లో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. రెండు రౌండ్ల దాకా తక్కెడ అటూ ఇటూ ఊగింది. మూడో రౌండ్లో స్టీవెన్సన్ కుడిచెయ్యి తిన్నగా వెళ్ళి తగలడం మొదలైంది. ఆ చెయ్యి చూడటానికి పెద్ద తొందరేమీ ఉండదు. ఎడమచేత్తో జాబ్, అంటే తిన్నగా వెళ్ళే చిన్న దెబ్బ, విసురుతూ దూరం కొలుస్తాడు, ఇంకోసారి కొలుస్తాడు, అవతలివాడి తల ఎక్కడికి వస్తోందో తేల్చుకున్నాక భుజం, నడుము, మడమ అన్నీ కలిపి ఒక్కసారి వదులుతాడు. బాబిక్ పదేపదే కింద పడ్డాడు, రిఫరీ ఆపేశాడు. ఇరవై ఏళ్ళ క్యూబా కుర్రాడు ఆ ఒక్క రౌండుతో ప్రపంచానికి తెలిసిపోయాడు.

ఇప్పుడు ఇదే దారం ఇంకో వైపు లాగి చూడండి. బాబిక్ ఆ ఒలింపిక్స్‌కి ఎలా వెళ్ళాడు? అమెరికా ఎంపిక పోటీల్లో లారీ హోమ్స్ అనే కుర్రాడి మీద గెలిచి. బౌటులో హోమ్స్ అదేపనిగా పట్టుకుంటున్నాడని అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు. అంటే 1972 లెక్కలో హోమ్స్ కంటే బాబిక్ మెరుగు, బాబిక్ కంటే స్టీవెన్సన్ మెరుగు. ఆపైన జరిగింది చూడండి. బాబిక్ ప్రొఫెషనల్ అయి వరసగా 38 బౌట్లు గెలిచి, 1977లో కెన్ నార్టన్ ముందు నిలబడి 58 సెకన్లలో కుప్పకూలాడు. డిస్‌క్వాలిఫై అయిన హోమ్స్ 1978లో ఆ నార్టన్‌నే ఓడించి చాంపియన్ అయ్యాడు, ఏడేళ్ళ పాటు హెవీవెయిట్‌ని ఏలాడు. మూడు రౌండ్ల పరీక్షలో ఫెయిలైనవాడు పదిహేను రౌండ్ల పరీక్షలో ఫస్టు వచ్చాడు. ప్రశ్నపత్రమే వేరు.

ఎంత వేరో బటన్ల పద్ధతి చూస్తే అర్థమవుతుంది. 1992 బార్సిలోనా నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఒలింపిక్ బాక్సింగ్‌లో స్కోరు ఇలా వేసేవారు. రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు, ఒక్కొక్కరి ముందు ఎర్ర మూల బాక్సర్‌కొక బటన్, నీలం మూల బాక్సర్‌కొక బటన్. దెబ్బ తగిలిందనిపించగానే నొక్కాలి. ఒక సెకను వ్యవధిలో కనీసం ముగ్గురు ఒకే బటన్ నొక్కితేనే అది పాయింటు. ఇప్పుడు మీరే బాక్సర్ అనుకోండి. దగ్గరకి చొరబడి పక్కటెముకల కింద గట్టి హుక్, అంటే చెయ్యి వంచి పక్కనుంచి విసిరే దెబ్బ, వేశారు. మీ వీపు వైపు కూర్చున్న ఇద్దరు జడ్జీలకి అది కనపడనే కనపడదు, మూడోవాడు అనుమానంతో వేలు ఆపేస్తాడు. అంత కష్టపడ్డా స్కోరు సున్నా. అదే దూరం నుంచి తల మీద తేలిగ్గా తగిలే తిన్నని పంచ్ అయిదుగురికీ కనిపిస్తుంది. పాయింటు వచ్చేసింది, చటుక్కున వెనక్కి జరిగితే సరి. రెండు నిమిషాల రౌండ్లు నాలుగు ఆడిన సిడ్నీ, ఏథెన్స్ రోజుల్లో ముందు నాలుగు పాయింట్లు సంపాదించి, తర్వాత అందకుండా తిరగడమే తెలివైన ఆట. క్యూబా వాళ్ళు ఆ ఆటలో పండితులు.

ప్రొఫెషనల్ రింగులో పక్కటెముకల కింది ఆ హుక్ బ్యాంకులో వేసిన డిపాజిట్ లాంటిది. నాలుగో రౌండ్లో వేస్తే తొమ్మిదో రౌండ్లో వడ్డీతో తిరిగొస్తుంది. అవతలివాడి మోచేతులు కిందకి దిగుతాయి, కాళ్ళు బరువెక్కుతాయి, తల దొరుకుతుంది. పన్నెండు రౌండ్లంటే ముప్పయ్యారు నిమిషాలు. స్టీవెన్సన్ కాలంలో అయితే పదిహేను రౌండ్లు, నలభై అయిదు నిమిషాలు. హెడ్‌గార్డ్ ఉండదు, గ్లవ్స్ పలచగా ఉంటాయి. దెబ్బ తగిలాక పదో సెకనులోనూ, పదో రౌండులోనూ ఏం చెయ్యాలో నేర్పే బడి ఒలింపిక్స్‌కి తయారు చేసే చోట ఉండదు, దాని అవసరం వాళ్ళకి లేదు.

అమెచ్యూర్ అన్న మాట కూడా మనల్ని కొంచెం తప్పుదోవ పట్టిస్తుంది. వినగానే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సరదాకి ఆడేవాడనిపిస్తుంది. క్యూబాలో సంగతి అది కాదు. అల్సిడెస్ సగార్రా అనే కోచ్ 1960ల నుంచి దాదాపు నలభై ఏళ్ళు ఆ వ్యవస్థని నడిపాడు. సోవియట్ నుంచి వచ్చిన ఆంద్రేయ్ చెర్వొనెంకో పునాదుల్లో చెయ్యి వేశాడు. పిల్లల్ని పదేళ్ళప్పుడే ఏరి, క్రీడా పాఠశాలల్లో చేర్చి, మెరికల్ని హవానా శివార్లలో ఫింకా అని పిలిచే జాతీయ శిబిరానికి తెచ్చేవారు. తిండి, వసతి, వైద్యం, భత్యం అంతా ప్రభుత్వానిది. పేరుకి అమెచ్యూర్లే గానీ వాళ్ళకి వేరే పని లేదు. అదే కోవకు చెందిన బి.ఐ. ఫెర్నాండెజ్ అనే క్యూబా కోచ్ 1990 నుంచి భారత బాక్సర్లకి శిక్షణ ఇచ్చి, 2012లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న తొలి విదేశీయుడయ్యాడు. కాబట్టి ఆ బడి వాసన మన బాక్సింగ్‌కీ కొంత అంటింది.

అభిమానులకి రుచించని మాట ఒకటి ఉంది. క్యూబా బాక్సర్ల పతకాల మూటలో కొంత బరువు ఆ నిషేధం వల్ల వచ్చిందే. 1976 మాంట్రియల్ జట్లనే తీసుకోండి. షుగర్ రే లెనార్డ్ ఫైనల్లో క్యూబా బాక్సర్ ఆంద్రెస్ అల్దామాని ఓడించాడు, స్వర్ణం మెడలో వేసుకుని ప్రొఫెషనల్ అయిపోయాడు. లియోన్ స్పింక్స్ ఫైనల్లో క్యూబాకే చెందిన సిక్స్టో సోరియాని ఓడించాడు, 1978 ఫిబ్రవరిలో తన ఎనిమిదో ప్రొఫెషనల్ బౌటులోనే అలీని ఓడించి లోకాన్ని నోరెళ్ళబెట్టించాడు. అమెరికా కుర్రాళ్ళు ఒలింపిక్స్ అయిపోగానే పై క్లాసుకి వెళ్ళిపోతారు. క్యూబా వాళ్ళు అదే క్లాసులో ఉండిపోతారు. అల్దామా 1980 మాస్కోకి మళ్ళీ వచ్చాడు, ఈసారి స్వర్ణం. పదో తరగతిలో స్టేట్ ఫస్టు వచ్చినవాణ్ణి మళ్ళీ మళ్ళీ పదో తరగతే రాయిస్తే మార్కులు పెరగక ఏం చేస్తాయి? సోవియట్ కూటమి దేశాల వాళ్ళూ ఇలాగే ఉండిపోయేవారు కాబట్టి పోటీయే లేదనడం అన్యాయం. కానీ మూడు స్వర్ణాలంటే ఒక్క స్వర్ణానికి మూడింతల గొప్ప అని కూడా కాదు.

అలాగని పైక్లాసు చదువు క్యూబా వాళ్ళ వంటికి పడదని చెప్పబోతే చరిత్ర ఒప్పుకోదు. నిషేధానికి ముందు అది ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మునిగితేలిన దీవి. 1931లో కిడ్ చాకొలేట్ క్యూబా తొలి ప్రపంచ చాంపియన్. 1951లో కిడ్ గవిలాన్ వెల్టర్‌వెయిట్ చాంపియన్. గవిలాన్ తన పేరుమోసిన ‘బోలో పంచ్’ చెరకు తోటల్లో కత్తి విసిరిన అలవాటుతో వచ్చిందని చెప్పుకునేవాడు. 1962లో తలుపు మూసుకున్నప్పుడు బయటపడ్డ వాళ్ళ సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. 1963 మార్చి 21న లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో ఒకే రాత్రి ఇద్దరు క్యూబన్లు ప్రపంచ టైటిళ్ళు గెలిచారు. లూయిస్ మాన్యుయెల్ రొడ్రిగెస్ వెల్టర్‌వెయిట్, షుగర్ రామోస్ ఫెదర్‌వెయిట్. రామోస్ చేతిలో ఓడిన డేవీ మూర్ ఆ దెబ్బలకి నాలుగు రోజుల్లో చనిపోయాడు కాబట్టి ఆ రాత్రిని పండగలా ఎవరూ చెప్పుకోరు. మెక్సికో చేరిన హోసే నాపోలెస్‌ని ‘మాంతెకియా’ అనేవారు, అంటే వెన్న. అంత నున్నగా కదిలేవాడు. టైటిల్ అవకాశం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 29 ఏళ్ళ వయసులో 1969లో వెల్టర్‌వెయిట్ చాంపియన్ అయి, మధ్యలో కొన్ని నెలలు తప్ప 1975 దాకా దాన్ని వదల్లేదు.

వీళ్ళ ముగ్గురిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి? ముగ్గురూ కుర్రతనంలోనే, నిషేధం రాకముందే, ప్రొఫెషనల్ రింగులో పెరిగినవాళ్ళు. దేశం వదిలేనాటికే వాళ్ళకి ఆ వృత్తి చేతికొచ్చింది. తర్వాతి తరం ఫిరాయింపుదారులకి లేనిది అదే.

ఆ తరంలో మొదట హోర్హె లూయిస్ గొన్సాలెస్ సంగతి. 1987 పాన్ అమెరికన్ గేమ్స్ సూపర్ హెవీవెయిట్‌లో స్వర్ణం ఇతనిది, రజతం లెనాక్స్ లూయిస్‌ది, కాంస్యం రిడిక్ బోవ్‌ది. తర్వాతి దశాబ్దంలో హెవీవెయిట్‌ని పంచుకున్న ఇద్దర్నీ ఒకే వారంలో కొట్టాడన్నమాట. 1991లో ఫిన్లాండ్‌లో జట్టు నుంచి జారిపోయి ప్రొఫెషనల్ అయ్యాడు. 1995లో లాస్ వేగాస్‌లో బోవ్‌తో రెండోసారి తలపడ్డాడు. ఆ ఎనిమిదేళ్ళలో బోవ్ ఇవాండర్ హోలీఫీల్డ్‌తో మూడు యుద్ధాల్లో రెండు చేసి వచ్చాడు, గొన్సాలెస్ మాత్రం నోటితోనే ఎక్కువ యుద్ధం చేశాడు. ఆరో రౌండ్లో నాకౌట్. 1987లో ఇద్దరికీ తేడా గొన్సాలెస్ వైపు ఉంది, 1995లో అదే తేడా నాలుగింతలై బోవ్ వైపు ఉంది. మధ్యలో ఎవరు ఏ బడిలో చదివారన్నదే కారణం.

హోయెల్ కసమయోర్ కథ నయం. 1992లో స్వర్ణం గెలిస్తే ఇంటి దగ్గర తనకి దక్కింది ఒక సైకిల్ అని చెప్పుకునేవాడు. 1996 అట్లాంటాకి ముందు మెక్సికో శిబిరం నుంచి వెళ్ళిపోయాడు, పాతికేళ్ళ వయసు. 2000లో సూపర్ ఫెదర్‌వెయిట్ టైటిల్, తర్వాత లైట్‌వెయిట్‌లోనూ పైవరస. నాకు ఇతని ఆటలో నచ్చేది తలకాయ తగిలించడం, కాలు తొక్కడం, పట్టుకుని తిప్పడం లాంటి కంతిరి పనులన్నీ నేర్చుకోవడం. క్యూబా బడిలో ఇవి చెప్పరు. వచ్చాక నేర్చుకున్నాడు, నేర్చుకోవడానికి టైముంది.

2006 డిసెంబరులో వెనెజువెలాలో శిక్షణ నుంచి ఏథెన్స్ స్వర్ణ విజేతలు ముగ్గురు ఒకేసారి మాయమై జర్మనీలో తేలారు. బార్తెలెమీ పెద్దగా ఎక్కిరాలేదు. ఒద్లానియెర్ సోలీస్ ఒళ్ళు పెంచాడు. 2011లో విటాలీ క్లిచ్‌కోతో టైటిల్ బౌటు వస్తే మొదటి రౌండ్లోనే మోకాలు తిరిగి కూలబడ్డాడు. ఉరుములాంటి చేతులున్న గంబోవా మాత్రం ఫెదర్‌వెయిట్‌లో రెండు టైటిళ్ళు కలిపాడు, తర్వాత పై వెయిట్‌కి ఎగబాకి 2014లో టెరెన్స్ క్రాఫోర్డ్ దగ్గర ఆగిపోయాడు. ఒకే బడి, ఒకే ఒలింపిక్స్, ఒకే రోజు పారిపోయిన ముగ్గురు. మూడు దార్లు. క్యూబా బాక్సర్ అంటే ఇలా ఉంటాడని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళకి ఈ ముగ్గుర్ని చూపించాలి.

ఇక గియెర్మో రిగొందో. ఈ చర్చలో అందరూ తమ వైపు సాక్షిగా పిలుచుకునేది ఇతన్నే. 2000, 2004 రెండు స్వర్ణాలు. 2007లో రియో పాన్ అమెరికన్ గేమ్స్ నుంచి జట్టు వదిలి పారిపోబోతే బ్రెజిల్ పోలీసులకి దొరికి వెనక్కి పంపబడ్డాడు. స్వదేశంలో రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాడు, జాతీయ జట్టు తలుపులు మూసుకున్నాయి. 2009లో ఎట్టకేలకు బయటపడి 28 ఏళ్ళకి ప్రొఫెషనల్ అయ్యాడు. ఏడో బౌటుకే తాత్కాలిక ప్రపంచ టైటిల్. 2013 ఏప్రిల్లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో నోనిటో దొనెయిర్‌తో బౌటు, రిగొందోకి అది పన్నెండోది. ఎదుటివాడు ఆ ముందు ఏడాది అమెరికా రచయితలు ‘ఈ ఏటి మేటి’ అన్న బాక్సర్. పదో రౌండ్లో రిగొందో ఒకసారి కింద పడ్డాడు, అది తప్ప మిగతా రాత్రంతా దొనెయిర్ గాలిని కొట్టాడు. ముగ్గురు జడ్జీలూ రిగొందో వైపే. సాంకేతికంగా ఆ రాత్రి కన్నా క్యూబా బడికి గొప్ప సర్టిఫికెట్ ఇంకోటి లేదు.

బహుమానం ఏమిటంటే, టీవీ వాళ్ళు మొహం తిప్పుకున్నారు. బోరు కొట్టిస్తున్నాడన్నారు. గెలుస్తున్నకొద్దీ బౌట్లు తగ్గాయి, దొరికినవీ నెలల తరబడి ఎడంతో. 37 ఏళ్ళకి, తన వెయిట్ కంటే రెండు మెట్లు పైకెక్కి, 2017లో ఉక్రెయిన్ బాక్సర్ వసీల్ లొమచెంకోతో తలపడి ఆరో రౌండ్ తర్వాత స్టూలు మీద నుంచి లేవలేదు. ఇద్దరివీ రెండేసి ఒలింపిక్ స్వర్ణాలు. కానీ లొమచెంకో పాతికేళ్ళకి ప్రొఫెషనల్ అయ్యాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి వెళ్ళొచ్చాడు, వెనక దేశం ఉంది.

ఆ దేశం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో నైపుణ్యం కంటే అదే పెద్ద ముడి అని నా నమ్మకం. ప్రొఫెషనల్ బాక్సింగ్ టికెట్ల మీద బతుకుతుంది. మెక్సికో బాక్సర్ లాస్ వేగాస్‌లో ఆడితే హాలు సగం మెక్సికో అవుతుంది. క్యూబా నుంచి పారిపోయినవాడికి ఆ జనం ఉండరు. సొంత ఊళ్ళో అతని బౌటు టీవీలో రాదు, సొంత పత్రికలో ద్రోహి అని రాస్తారు. మయామీలో క్యూబన్లు ఉన్నారు నిజమే, కానీ మెక్సికన్లలా, ప్యూర్టోరికన్లలా హాళ్ళు నింపే అలవాటు వాళ్ళలో అంతగా లేదు. టికెట్లు అమ్మలేనివాడికి ప్రమోటర్ మంచి తేదీ ఇవ్వడు. అందరికన్నా కష్టమైన ప్రత్యర్థిని, అందరికన్నా తక్కువ డబ్బుకి, అవతలివాడి ఇలాకాలో ఇస్తాడు. బౌటు నువ్వా నేనా అన్నట్టు సాగితే జడ్జీల కలం జనం అరుపుల వైపు వాలుతుంది. ఎరిస్లాండి లారా 2011లో అట్లాంటిక్ సిటీలో పాల్ విలియమ్స్‌ని చితక్కొట్టి ఓడిపోయాడు. ఆ తీర్పు ఎంత ఘోరమంటే న్యూజెర్సీ అధికారులు ముగ్గురు జడ్జీల్నీ సస్పెండ్ చేశారు. రికార్డులో ఓటమి మాత్రం అలాగే ఉంది.

సరే, ఇంత చెప్పాక తీర్పు అడక్కుండా వదలరు కాబట్టి చెబుతాను.

స్టీవెన్సన్ మ్యూనిక్ కాగానే ప్రొఫెషనల్ అయ్యాడనుకుందాం. అలీకి ఒలింపిక్ స్వర్ణం నుంచి టైటిల్ దాకా పట్టింది మూడున్నరేళ్ళు, జార్జ్ ఫోర్‌మన్‌కి నాలుగేళ్ళకి పైనే, అదీ 37 బౌట్లు ఆడాక. ఆ లెక్కన స్టీవెన్సన్ సిద్ధమయ్యేసరికి 1976, 77. అప్పటి అలీ కాళ్ళు చచ్చి, పేరు మీద లాక్కొస్తున్న అలీ. అతన్ని ఒక్క రాత్రి కొట్టడానికి స్టీవెన్సనే అక్కర్లేదు, స్పింక్స్ సరిపోయాడు. అసలు గోడ 1978 నుంచి లారీ హోమ్స్. ప్రపంచంలోనే మేటి జాబ్, కిందపడితే లేచే గుండె, పదిహేను రౌండ్లకి సరిపడా ఊపిరి. స్టీవెన్సన్ ఆట కుడిచేతి కోసం కాచుకునే ఆట, దూరం కొలవడం పూర్తి కాకపోతే చెయ్యి కదలదు. హోమ్స్ జాబ్ ముందు ఆ కొలత ఎన్నిసార్లు చెదిరేదో ఊహించుకోవచ్చు. పైగా నాలుగు మూలల నుంచీ మీదపడి ఊపిరాడనివ్వని సోవియట్ బాక్సర్ ఇగోర్ వైసోత్‌స్కీ 1973లోనూ 1976లోనూ స్టీవెన్సన్‌ని ఓడించాడు. అంటే ఒత్తిడిలో పగిలే చోటు ఒకటుంది.

అటువైపు తూకం కూడా వెయ్యాలి. మాంట్రియల్‌లో స్టీవెన్సన్ మొదటి రౌండ్లోనే పడగొట్టిన జాన్ టేట్ 1979లో డబ్ల్యూబీఏ చాంపియన్. 1975 పాన్ అమెరికన్ ఫైనల్లో ఓడించిన మైకేల్ డోక్స్ 1982లో డబ్ల్యూబీఏ చాంపియన్. అలాంటి బెల్టు ఒకటి స్టీవెన్సన్ నడుముకి వచ్చేదనడానికి నాకేం సందేహం లేదు. హోమ్స్‌ని దాటేవాడా అంటే, దాటేవాడు కాదనే అంటాను.

ఫెలిక్స్ సావోన్ గురించి ఇంకా జంకుతాను. 1992 నుంచి 2000 దాకా హెవీవెయిట్‌లో మూడు ఒలింపిక్ స్వర్ణాలు, పొడుగు చేతులు, వరసగా ప్రపంచ చాంపియన్‌షిప్‌లు. కానీ నిటారుగా నిలబడి ఆడే మనిషి, గడ్డం గాల్లో ఉంటుంది. 1997 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో రుస్లాన్ చగాయెవ్ చేతిలో ఓడిపోయాడు. చగాయెవ్ అప్పటికే ప్రొఫెషనల్ బౌట్లు ఆడాడని తేలి స్వర్ణం సావోన్‌కి తిరిగొచ్చింది. ఆ చగాయెవ్ 2007లో డబ్ల్యూబీఏ చాంపియన్ అయ్యాడు. సిడ్నీ ఫైనల్లో సావోన్ ఓడించిన సుల్తాన్ ఇబ్రగీమోవ్ అదే ఏడాది డబ్ల్యూబీఓ చాంపియన్ అయ్యాడు. ఆ రెండు పేర్ల మధ్యలో ఎక్కడో సావోన్ స్థాయి ఉంటుంది. టైసన్‌ని తినేసేవాడన్న మాట కాఫీ కబుర్లకి బాగుంటుంది.

నిజంగా మనం పోగొట్టుకున్నది హెవీవెయిట్లని కాదు, చిన్న వెయిట్ల వాళ్ళని. మారియో కిందెలాన్ 2000లో, 2004లో లైట్‌వెయిట్ స్వర్ణాలు గెలిచాడు, ఏథెన్స్ ఫైనల్లో పదిహేడేళ్ళ బ్రిటన్ బాక్సర్ అమీర్ ఖాన్‌కి 30-22తో పాఠం చెప్పాడు. ఏరియెల్ హెర్నాండెస్ 1992 ఫైనల్లో ఓడించిన క్రిస్ బర్డ్ తర్వాత బరువు పెంచుకుని హెవీవెయిట్ టైటిళ్ళే గెలిచాడు. వీళ్ళ ఆటలో దెబ్బ బరువు కంటే కన్నూ కాలూ ముఖ్యం, పన్నెండు రౌండ్లకి సాగదీసినా చిరగని బట్ట అది. కానీ ప్రమోటర్లు డాలర్ల సంచులు పట్టుకుని తిరిగింది హెవీవెయిట్ల ఇళ్ళ చుట్టూ కాబట్టి కథలూ వాళ్ళ మీదే పుట్టాయి.

ఈ మధ్య ప్రశ్న రంగు మారింది. 2012, 2016 రెండు స్వర్ణాల రొబేయ్సీ రామిరెస్, రియో ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ షకూర్ స్టీవెన్సన్‌ని ఓడించినవాడు, 2019లో ఫిలడెల్ఫియాలో తన మొట్టమొదటి ప్రొఫెషనల్ బౌటులో మొదటి రౌండ్లోనే కిందపడి, నాలుగు రౌండ్ల చివర ఓడిపోయాడు. పరువు పోయిందన్నారంతా. అతను కోచ్‌ని మార్చి, మొదటి నుంచి నేర్చుకుని, 2023లో డబ్ల్యూబీఓ ఫెదర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ ఏడాది చివర్లోనే పోగొట్టుకున్నాడు కూడా. 2022లో క్యూబా ప్రభుత్వమే అరవై ఏళ్ళ పట్టు సడలించి, ఒక మెక్సికో ప్రమోటర్‌తో ఒప్పందం చేసుకుని తన ఒలింపిక్ విజేతల్ని ఆగ్వాస్కాలియెంతెస్ ఊళ్ళో ప్రొఫెషనల్ రింగు ఎక్కించింది. ముందు 2007లో ఎక్కడ పారిపోతారోనని షికాగో ప్రపంచ చాంపియన్‌షిప్‌కి జట్టునే పంపని ప్రభుత్వం ఇది. అలా అధికారికంగా రింగు ఎక్కినవాళ్ళలో చాలామంది ముప్పై దగ్గరపడ్డవాళ్ళో దాటినవాళ్ళో. తలుపు తెరిచారు గానీ బస్సు వెళ్ళిపోయాక.

ఇన్ని స్వర్ణాల మధ్యలో ప్రొఫెషనల్‌గా అందరికంటే ఎక్కువ కాలం నిలిచింది ఎవరయ్యా అంటే, ఒలింపిక్స్ మొహమే చూడని ఎరిస్లాండి లారా. 2005 ప్రపంచ చాంపియన్, 2007లో రియోలో రిగొందోతో పాటు దొరికిపోయిన రెండోవాడు. ఆ మరుసటి ఏడాది స్పీడ్‌బోట్‌లో మెక్సికో చేరాడు. 2014లో మెక్సికో బాక్సర్ కనెలో అల్వారెస్ చేతిలో ఒక్క జడ్జీ తేడాతో ఓడాడు. పదేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో, లాస్ వేగాస్‌లో డబ్ల్యూబీఏ మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా డానీ గార్సియాని తొమ్మిది రౌండ్లలో ఆపాడు. అప్పటికి లారా వయసు 41. ఆ రాత్రి టికెట్లు అమ్ముడయింది మాత్రం అతని కోసం కాదు, అతని తర్వాత రింగులోకి వచ్చిన కనెలో కోసం.